లోతు మంచులో స్నోమొబైల్: హార్స్‌పవర్ కంటే ముందు చూడాల్సినవి

కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో, సెల్కర్క్, మొనాషీ పర్వతాల నడుమ రెవెల్‌స్టోక్ అనే చిన్న ఊరుంది. దానికి దగ్గర్లోని మౌంట్ కోప్‌లాండ్‌పై 1971-72 శీతాకాలంలో 24 మీటర్లకు పైగా మంచు కురిసింది. ఒక్క శీతాకాలంలో కెనడాలో నమోదైన రికార్డు హిమపాతం అది. ఏటా ఈ కొండల్లోకి వెళ్లే స్నోమొబైళ్లు (ముందు స్కీలు, వెనక గొలుసులా తిరిగే రబ్బరు ట్రాక్ ఉండే మంచు బండ్లు) చదును చేసిన బాటల మీద తిరిగే రకం కావు. నడుము లోతు, ఒక్కోసారి ఛాతీ లోతు మెత్తటి మంచులో, చెట్ల మధ్య నుంచి దారి చేసుకుంటూ, నిట్టనిలువు వాలుల మీదికి ఎక్కాల్సిన బండ్లు. గుల్మార్గ్‌కు వెళ్లిన తెలుగువాళ్లు ఎక్కే ‘స్నో స్కూటర్’ కూడా ఈ వంశానిదే. కానీ దాన్ని అక్కడి లోతు మంచులోకి తిప్పితే పది గజాలు కూడా పోదు.

మౌంటెన్ స్నోమొబైల్ కొన్నవాళ్లలో చాలామంది మొదట డబ్బు పెట్టేది ఇంజిన్ మీద. పైపు, సైలెన్సర్, ట్యూనింగ్, ఆపైన టర్బో. బండి ఇరుక్కుపోతే బలం చాలలేదనే అనుకుంటారు. నిజానికి లోతు మంచులో ఇరుక్కునే బండ్లలో ఎక్కువ భాగం బలం చాలక ఆగవు. ఉన్న బలంతో తమ కింద తామే గొయ్యి తవ్వుకుని ఆగిపోతాయి. అలాంటి బండికి ఇంకో 30 హార్స్‌పవర్ ఇస్తే గొయ్యి ఇంకా త్వరగా పడుతుంది, అంతే. అందుకే మార్పుల గురించి మాట్లాడేముందు మంచు బండిని ఎలా మోస్తుందో చూడాలి.

తాజాగా కురిసిన పొడి మంచు ఘనపు మీటరుకు 50 నుంచి 100 కిలోల దాకా తూగుతుంది. అంతే పరిమాణం నీళ్లయితే 1,000 కిలోలు. అంటే ఆ మంచులో దాదాపు తొంభై శాతమో, అంతకు మించో గాలే. అది దేన్నీ ఉన్నదున్నట్టుగా మోయలేదు. నొక్కుకుపోయి, గట్టిపడి, అప్పుడు మోస్తుంది. ఎంత లోతున గట్టిపడుతుందన్నది దాని మీద పడే ఒత్తిడిని బట్టి ఉంటుంది. పెట్రోలు నిండిన బండి 240 కిలోలు, సామగ్రితో కలిపి మనిషి 100 కిలోలు అనుకుందాం. 165 అంగుళాల ట్రాక్‌లో నేలను తాకే భాగం సుమారు 60 అంగుళాలు, వెడల్పు 15 అంగుళాలు. ముందున్న స్కీలు మోసే వాటాను పక్కన పెట్టినా, చదరపు సెంటీమీటరుకు పడే బరువు 60 గ్రాముల చుట్టూ తేలుతుంది. అదే మనిషి బండి దిగి రెండు బూట్ల మీద నిలబడితే ఆ ఒత్తిడి మూడింతలవుతుంది. బండి తేలుతున్న చోటే దాని యజమాని దిగగానే నడుము దాకా కూరుకుపోవడానికి కారణం ఇదే.

ఇది ఆగి ఉన్న బండి లెక్క. కదిలే బండికి ఇంకో సంగతి తోడవుతుంది. ట్రాక్ మీద వరుసగా నిలబడి ఉండే రబ్బరు ప్యాడిల్స్ మంచును వెనక్కి నెడతాయి. ఆ మంచు గట్టిపడి ఎదురు నిలిస్తే బండి ముందుకూ పైకీ వస్తుంది. నిలవకుండా జారిపోతే ట్రాక్ అక్కడే తిరిగి, వెనక భాగం దిగబడి, ముక్కు ఆకాశంలోకి లేస్తుంది. లోతు మంచు కోసం చేసే ప్రతి మార్పు ఈ రెండు స్థితుల మధ్య గీతను కాస్త ఇటో అటో జరిపే ప్రయత్నమే.

ట్రాక్

బాటల మీద తిరిగే బండ్ల ట్రాక్ సాధారణంగా 120 నుంచి 137 అంగుళాలు. వాటి ప్యాడిల్ ఎత్తు అంగుళం, అంగుళంన్నర. కొండల బండ్లకు 146, 154, 165, 175 అంగుళాల దాకా ట్రాకులు, రెండున్నర నుంచి మూడు అంగుళాల ప్యాడిల్స్ ఉంటాయి. ఇక్కడ చాలామంది లెక్క తప్పే చోటు ఒకటుంది. ట్రాక్ పొడవంటే మొత్తం చుట్టు కొలత. 146 నుంచి 165కు మారితే 19 అంగుళాలు పెరిగినట్టు కనిపిస్తుంది కానీ మంచును తాకేది అందులో సగం, అంటే తొమ్మిదిన్నర అంగుళాలే. అయినా అది చిన్న లాభం కాదు. 15 అంగుళాల వెడల్పు మీద 140 చదరపు అంగుళాలకు పైగా కొత్త ఆధారం దొరుకుతుంది. వెడల్పును 15 నుంచి 16 అంగుళాలకు పెంచితే వచ్చేది 60 చదరపు అంగుళాలు మాత్రమే. పైగా వెడల్పాటి ట్రాక్ ఉన్న బండిని కొండవాలుకు అడ్డంగా నడిపేటప్పుడు అంచు మీదికి వంచడం కష్టం. తేలడమే కావాలంటే వెడల్పు కంటే పొడవు మేలు.

కానీ పొడవు ఊరికే రాదు. ట్రాక్ ఒక్కటే మారిస్తే సరిపోదు. దాన్ని మోసే పట్టాలకు పొడిగింపు కావాలి, వెనక ఇరుసు జరగాలి, పైనున్న టనెల్ (ట్రాక్‌ను కప్పి ఉండే లోహపు గూడు) కూడా పెరగాలి. బరువు పెరుగుతుంది, చెట్ల మధ్య మలుపులు మొండికేస్తాయి. నిట్టనిలువు వాలులే లక్ష్యమైతే 165 అంగుళాలు, చెట్ల నడుమ చురుగ్గా తిప్పుకోవాలంటే 154 అన్నది చాలామందికి సరిపడే ఎంపిక. సన్నగా ఉన్న మనిషికి 175 అంగుళాల ట్రాక్ దాదాపు ఎప్పుడూ అనవసరం. 110 కిలోల మనిషికి మాత్రం అది విలాసం కాదు.

ప్యాడిల్ ఎత్తు విషయం ఇంకాస్త సున్నితం. గోదావరి జిల్లాల్లో దమ్ము చేసే ట్రాక్టరుకు కేజ్ వీల్స్ బిగిస్తారు. బురదలో వాటి పట్టుకు తిరుగుండదు, తారు రోడ్డెక్కితే మాత్రం రోడ్డూ పాడు, ట్రాక్టరూ పాడు. మూడంగుళాల ప్యాడిల్ అచ్చం ఇలాంటిదే. పొడి మంచులో లోతుకు దిగి ఎక్కువ మంచును పట్టుకుంటుంది. కొండ దాకా తీసుకెళ్లే గట్టిబాట మీద వంగి, వేడెక్కి, చిరిగిపోతుంది. వసంతంలో మంచు తడిసి బరువెక్కాక కూడా పొడవైన మెత్తటి ప్యాడిల్ వంగిపోతుంది. అక్కడ రెండున్నర అంగుళాల గట్టి రబ్బరు మెరుగ్గా పట్టుకుంటుంది. అమెరికాలోని వయోమింగ్, యూటా కొండల పొడి మంచులో తిరిగేవాళ్ల ఎంపిక, పసిఫిక్ తీరానికి దగ్గరగా కాస్కేడ్స్ పర్వతాల్లోని తేమ మంచులో తిరిగేవాళ్ల ఎంపిక ఒకటి కాకపోవడానికి కారణం ఇదే.

ఎత్తైన ప్యాడిల్ పెట్టేముందు కొలవాల్సింది టనెల్ లోపలి ఖాళీ. ప్యాడిల్ కొసలు పైనున్న హీట్ ఎక్స్ఛేంజర్‌ను (ఇంజిన్ కూలెంట్‌ను చల్లార్చే భాగాన్ని) రాసుకుంటే కూలెంట్ కారిపోయి, ఊరికి దూరంగా బండి చచ్చిపోతుంది. ఖాళీ చాలనప్పుడు ట్రాక్‌ను తిప్పే డ్రైవర్ చక్రాన్ని చిన్నది చేస్తారు. ఎనిమిది పళ్ల చోట ఏడు పళ్ల చక్రం వేస్తే గేరింగ్ కూడా ఎనిమిదో వంతు కిందికి దిగుతుంది. కొండల్లో ఇది చాలాసార్లు మంచికే. అలాగే ట్రాక్ పిచ్, డ్రైవర్ పిచ్ (పళ్ల మధ్య దూరం) ఒకటే కావాలి. 2.86 అంగుళాల పిచ్ ట్రాక్‌ను 3 అంగుళాల డ్రైవర్ మీద ఎక్కించడం కుదరదు. పాత ట్రాకులు చవగ్గా దొరికాయని కొనేవాళ్లు మొదట అడగాల్సిన ప్రశ్న ఇది.

ట్రాక్ మంచును ఏ కోణంలో తాకుతుందన్నది పొడవంత ముఖ్యం. ముందు భాగం నిటారుగా ఉంటే మంచును గోడలా గుద్దుతుంది, వాలుగా ఉంటే దాని మీదికి ఎక్కుతుంది. కంపెనీలు చాలా ఏళ్లుగా ట్రాక్‌ను తిప్పే ఇరుసు (డ్రైవ్‌షాఫ్ట్) స్థానాన్ని మార్చుతూ వస్తున్నది ఈ కోణం కోసమే. ఇంట్లో దాన్ని పూర్తిగా మార్చలేం కానీ సస్పెన్షన్ సెట్టింగ్‌తో కొంత సాధించొచ్చు. సస్పెన్షన్ ముందు చేయిని పట్టి ఉంచే లిమిటర్ స్ట్రాప్‌ను బిగిస్తే స్కీల మీద బరువు పెరిగి, ఏటవాలులో ముక్కు లేవకుండా ఉంటుంది. వదులు చేస్తే బండి ముక్కు తేలిగ్గా మంచు పైకి వస్తుంది. పైసా ఖర్చు లేని ఈ సవరణను వదిలేసి వేల డాలర్ల భాగాలు కొనడం అర్థం లేని పని. స్ప్రింగుల ప్రీలోడ్ (ముందుగానే పెట్టి ఉంచే బిగువు) కూడా మనిషి బరువును బట్టి సరిచేయాలి. షోరూమ్ నుంచి వచ్చిన సెట్టింగ్ ఎవరో సగటు మనిషి కోసం పెట్టినది.

క్లచ్

మార్పుల్లో అన్నిటికంటే తక్కువ కనిపించేది, ఎక్కువ ఫలితమిచ్చేది క్లచింగ్. స్నోమొబైల్‌లో గేర్లు ఉండవు. మన గేర్‌లెస్ స్కూటర్లలో ఉండే సీవీటీయే ఇక్కడా ఉంటుంది, కాకపోతే 165 హార్స్‌పవర్‌ను మోసే సీవీటీ. ఇంజిన్ వైపు ప్రైమరీ క్లచ్, ట్రాక్ వైపు సెకండరీ క్లచ్, రెంటి మధ్య ఒక బెల్ట్. ఇంజిన్ వేగం పెరిగేకొద్దీ ప్రైమరీలోని వెయిట్స్ బయటికి విసురుకుని బెల్ట్‌ను పైకి నెడతాయి, ఒక స్ప్రింగు వాటిని వెనక్కి లాగుతుంది. సెకండరీలో హెలిక్స్ అనే వాలు కోత, ఇంకో స్ప్రింగు ఉంటాయి. ట్రాక్ మీద భారం పెరిగితే ఇవి బెల్ట్‌ను మళ్లీ తక్కువ గేరు వైపు తెస్తాయి.

ఇంత సూక్ష్మంగా చూడాల్సిన అవసరం టూ-స్ట్రోక్ ఇంజిన్ స్వభావం వల్ల వచ్చింది. దాని ఎగ్జాస్ట్‌లో ఉబ్బెత్తుగా కనిపించే ఎక్స్‌పాన్షన్ చాంబర్ ఊరికే పొగ వదిలే గొట్టం కాదు. సిలిండర్ నుంచి బయటికి వెళ్లిన పీడన తరంగం దాని గోడకు తగిలి తిరిగొచ్చి, బయటికి జారిపోబోయే తాజా ఇంధన మిశ్రమాన్ని సరైన క్షణంలో వెనక్కి నెడుతుంది. ఆ క్షణం కుదిరేది ఇరుకైన ఆర్‌పీఎం పరిధిలోనే. ఇప్పటి 850 సీసీ ఇంజిన్లలో అది సుమారు 8,000 దగ్గర ఉంటుంది. అక్కడి నుంచి కొన్ని వందల ఆర్‌పీఎం కిందికి జారినా బలం పడిపోతుంది. అందువల్ల క్లచ్ చేయాల్సిన పని ఒకటే. మంచు ఎంత లోతుగా ఉన్నా, వాలు ఎంత నిటారుగా ఉన్నా, ఇంజిన్‌ను ఆ ఇరుకు గదిలోనే నిలపాలి.

పొడవైన ట్రాక్, ఎత్తైన ప్యాడిల్స్ పెట్టిన బండికి పాత క్లచ్ సెట్టింగే ఉంచితే జరిగేది ఊహించొచ్చు. భారం పెరిగింది కాబట్టి ఆర్‌పీఎం పడిపోతుంది, బలం తగ్గుతుంది. అప్పుడు యజమాని ట్రాక్ బాగాలేదని తేల్చేస్తాడు. వెయిట్స్‌ను కొద్ది గ్రాములు తగ్గిస్తే ఆర్‌పీఎం మళ్లీ పైకొస్తుంది. హెలిక్స్ కోణం తగ్గిస్తే, లేదా సెకండరీ స్ప్రింగు గట్టిది వేస్తే, భారం పడినప్పుడు తక్కువ గేరుకు రావడం చురుగ్గా జరుగుతుంది. ప్రైమరీ స్ప్రింగు ఎంత ఆర్‌పీఎం దగ్గర బెల్ట్‌ను పట్టుకోవాలో నిర్ణయిస్తుంది. లోతు మంచులో నిలిచిన బండిని కదిలించడానికి ఈ పట్టు మెల్లగా, తక్కువ వేగంలో మొదలవడం మంచిది. ఒక్కసారిగా పట్టుకుంటే ట్రాక్ గిర్రున తిరిగి గొయ్యి తవ్వుతుంది.

పరీక్షించే పద్ధతి కూడా ఓపికతో కూడినది. ఒకే వాలు, బెల్ట్ బాగా వేడెక్కిన తర్వాత, పూర్తి థ్రాటిల్‌లో ఆర్‌పీఎం ఎక్కడ నిలుస్తుందో చూడాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. వెయిట్స్, స్ప్రింగు, హెలిక్స్ మూడూ ఒకేసారి మార్చినవాళ్లకు బండి మెరుగైనా ఎందుకు మెరుగైందో తెలియదు, పాడైనా అంతే. బెల్ట్ వేడిని చూపించే చిన్న సెన్సర్ పెట్టుకోవడం ఈ మొత్తం వ్యవహారంలో అత్యంత ఉపయోగకరమైన ఖర్చు. బెల్ట్ అతిగా వేడెక్కుతోందంటే క్లచ్‌లో ఎక్కడో బలం వేడిగా పోతోందని అర్థం. ఆ పోయేది ట్రాక్‌కు చేరాల్సిన బలమే.

ఎత్తు తినేసే బలం

సహజంగా గాలి పీల్చుకునే ఇంజిన్ ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకూ సుమారు 3 శాతం బలం కోల్పోతుంది. వయోమింగ్‌లోని టోగ్వటీ పాస్ 9,658 అడుగుల ఎత్తున ఉంది. సముద్ర మట్టంలో 165 హార్స్‌పవర్ ఇచ్చే ఇంజిన్ అక్కడ 117 దగ్గర ఆగుతుంది. రెవెల్‌స్టోక్ సంగతి వేరు. ఊరు 500 మీటర్ల లోపు ఎత్తునే ఉంటుంది, బండ్లు తిరిగే శిఖరాలు 2,000 మీటర్లు దాటతాయి. ఒక్క ఉదయంలో ఇంజిన్ బలం 15 శాతం మారిపోతుంది. అందువల్ల అక్కడ క్లచ్‌ను ఊరి ఎత్తుకు కాక, ఎక్కువ సేపు తిరిగే ఎత్తుకు సరిపెట్టాలి. పాత కార్బురేటర్ బండ్లలో పెట్రోలును కొలిచి వదిలే జెట్లు కూడా మార్చాల్సి వచ్చేది. ఇంధన ఇంజెక్షన్ వచ్చాక ఆ బాధ పోయింది కానీ వెయిట్స్ మార్చే పని పోలేదు.

ఈ నష్టాన్ని పూడ్చేదే ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే టర్బో. చాలా ఏళ్లు అది బయటి వర్క్‌షాపులు బిగించే కిట్‌గానే ఉండేది. స్కీ-డూ 2020 మోడల్ 850 ఈ-టెక్ టర్బోతో కంపెనీయే దాన్ని టూ-స్ట్రోక్‌లో అమర్చి ఇచ్చింది. 8,000 అడుగుల దాకా 165 హార్స్‌పవర్ నిలుస్తుందని ప్రకటించింది. తర్వాత 2022 మోడల్‌లో మరో కంపెనీ పొలారిస్, పేట్రియాట్ బూస్ట్‌ ఇంజిన్‌తో అదే దారి పట్టింది. టోగ్వటీ లాంటి ఎత్తుల్లో తిరిగేవాళ్లకు టర్బో నిజంగా పనికొచ్చేదే. కానీ కంపెనీ అమర్చినదానికీ, బయట బిగించినదానికీ తేడా పెద్దది. బయటి కిట్‌తో వారంటీ పోతుంది, అధిక ఆక్టేన్ పెట్రోలు కావాలి, క్లచ్ మొత్తం మళ్లీ సరిచేయాలి. మిశ్రమంలో పెట్రోలు పాలు తగ్గితే డిటొనేషన్ (మిశ్రమం అదుపు తప్పి పేలడం) వచ్చి పిస్టన్ కరగడానికి ఎంతో సేపు పట్టదు. మిశ్రమాన్ని మరింత గట్టిగా నొక్కే అధిక కంప్రెషన్ సిలిండర్ హెడ్‌లకూ ఇదే ప్రమాదం. పలచటి గాలిలో బాగా నడిచే హెడ్, కింది ఊళ్లకు రాగానే ఇంజిన్‌ను తినేస్తుంది. ట్రాక్, సస్పెన్షన్, క్లచ్ కుదరకుండా టర్బో జోలికి పోవడం తొందరపాటు.

బరువు గురించి తక్కువ చెప్పుకున్నా చాలు. ఇప్పటి మౌంటెన్ బండ్లు ఖాళీగా 190 నుంచి 210 కిలోల మధ్యే ఉంటున్నాయి, కంపెనీలే గ్రాములు లెక్కేసి తగ్గించాయి. టైటానియం స్ప్రింగులు, కార్బన్ భాగాలతో ఇంకో రెండు మూడు కిలోలు తగ్గించడానికి పెట్టే ఖర్చు ఫలితంతో పోలిస్తే ఎక్కువ. దానికంటే బరువు ఎక్కడుందో చూడటం మేలు. 40 లీటర్ల ట్యాంకులో పెట్రోలే 30 కిలోలు. బండి తోకమీద కట్టుకునే 10 లీటర్ల అదనపు డబ్బా ఏడు కిలోలకు పైగా తూగుతూ, సరిగ్గా దిగబడే చోటే ఒత్తిడి పెంచుతుంది. కాళ్లు పెట్టే రన్నింగ్ బోర్డుల మీద గడ్డకట్టే మంచు కూడా బరువే. పెద్ద రంధ్రాలున్న బోర్డులు వేస్తే మంచు కిందికి రాలిపోతుంది, బూటుకు పట్టు దొరుకుతుంది.

వేడి విషయంలో జరిగే పొరపాటు ఒకటి చెప్పుకోవాలి. ఇంజిన్ కూలెంట్‌ను చల్లార్చేది టనెల్ లోపల ట్రాక్‌కు పైన ఉన్న హీట్ ఎక్స్ఛేంజర్, దాన్ని చల్లార్చేది ట్రాక్ విసిరే మంచు. ట్రాక్ జారే ప్లాస్టిక్ పట్టీలకు తడి అందించేదీ ఆ మంచే. లోతు మంచులో ఈడ్చుకుపోతోందని వెనక వేలాడే రబ్బరు తెర, స్నోఫ్లాప్, తీసేస్తారు. కొండమీద బాగానే ఉంటుంది, తిరుగు ప్రయాణంలో గట్టిబాట మీద ఇంజిన్ ఉడుకుతుంది, పట్టీలు కరుగుతాయి. వెనక వచ్చేవాళ్ల ముఖాన మంచుగడ్డలు పడతాయి. తీసేయడం కంటే కొద్దిగా కురచ చేయడం, పట్టాలకు స్క్రాచర్లు బిగించడం సరైన పని. గట్టి మంచును గీరి ట్రాక్‌లోకి విసిరే ఈ స్ప్రింగు తీగలు కొండల బండికి తప్పనిసరి. గాలి తీసుకునే రంధ్రాలకు సన్నటి జాలీ కూడా అంతే అవసరం. పొడి మంచు లోపలికి చేరితే ఇంజిన్‌కు ఊపిరాడదు, క్లచ్‌లోకి చేరితే బెల్ట్ జారుతుంది.

సైలెన్సర్ మార్పును మాత్రం సమర్థించడం కష్టం. కొన్ని కిలోలు తగ్గుతాయి, శబ్దం మాత్రం లోయంతా వినిపిస్తుంది. అమెరికాలో 1975 నుంచి తయారైన స్నోమొబైళ్లు పూర్తి థ్రాటిల్‌లో 50 అడుగుల దూరాన 78 డెసిబెల్స్ మించకూడదన్నది పరిశ్రమ ప్రమాణం. ఈ హద్దు దాటిన బండ్ల గోల మీద వచ్చే ఫిర్యాదులు ప్రభుత్వ అడవుల్లో బండ్లు తిరిగే చోట్లను మూయించడానికి బలమైన వాదనగా మారతాయి. ఒక్కరి సైలెన్సర్ వల్ల అందరి కొండ పోతుంది.

ఈ మార్పులన్నీ కుదిరిన బండి నిన్నటిదాకా ఎక్కలేని వాలు ఎక్కుతుంది. అసలు ప్రమాదం అక్కడ మొదలవుతుంది. మంచుచరియలు (అవలాంచ్‌లు) ఎక్కువగా విరిగిపడేది 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లో. మంచి ట్రాక్, సరైన క్లచ్ ఉన్న బండిని తీసుకెళ్లేది సరిగ్గా ఆ వాలుల్లోకే. 2010 మార్చి 13న రెవెల్‌స్టోక్ దగ్గరి బౌల్డర్ మౌంటెన్‌పై స్నోమొబైలర్లు పెద్ద సంఖ్యలో చేరిన చోట మంచుచరియ విరిగిపడి ఇద్దరు చనిపోయారు, చాలామంది గాయపడ్డారు. పూడిపోయినవాళ్లు బతికే అవకాశం మొదటి పది పదిహేను నిమిషాల తర్వాత వేగంగా పడిపోతుంది. అంత తక్కువ వ్యవధిలో బయటి సహాయం ఏదీ చేరదు, పక్కనున్నవాళ్లే తవ్వి తీయాలి. అందువల్ల బయల్దేరేముందు అవలాంచ్ కెనడా లాంటి సంస్థలు ఆ రోజుకు ఇచ్చిన హెచ్చరిక చదవాలి, వాలు మీదికి ఒకరి తర్వాత ఒకరే వెళ్లాలి, మిగిలినవాళ్లు కింద వాలు దారిలో బండ్లు ఆపి నిలబడకూడదు. పూడిపోయినవాళ్లను వెతకడానికి సంకేతాలు పంపే, అందుకునే ట్రాన్స్‌సీవర్‌ను ఒంటికి కట్టుకుని ఆన్‌లో ఉంచాలి. పార, ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ) బండి వెనక సంచిలో కాకుండా వీపు మీది బ్యాగులోనే ఉండాలి, ఎందుకంటే మంచు కిందికి బండి కూడా పోతే ఆ సంచి ఎవరికీ అందదు.